బంతి వచ్చింది, ఆట రాలేదు

టెన్నిస్ బంతి లేని వీధి మన తెలుగునాట దొరకదు. కిరాణా కొట్టు ముందు చిప్స్ ప్యాకెట్ల దండ పక్కనే వల సంచిలో వేలాడుతుంటుంది. పిల్లలు దాన్ని కొని, పైన టేపు చుట్టి, క్రికెట్ ఆడతారు. డాబా మీద పడితే గోడెక్కి తెచ్చుకుంటారు, కాలవలో పడితే కడిగి మళ్ళీ వేస్తారు. ఇన్ని బంతులు తిరిగే ఊళ్ళలో వాటితో టెన్నిస్ ఆడే పిల్లలు మాత్రం కనిపించరు. జిల్లా కేంద్రాల్లో కూడా ఏ ఒకటి రెండు కోర్టుల దగ్గరో నలుగురైదుగురు ఉంటారు, అంతే. ఎందుకిలా జరిగిందన్న ఆలోచన చాలాకాలంగా నన్ను వదలడం లేదు.

నేను గుంటూరులో ఉంటాను. నా వయసు వాళ్ళలో చాలామందికి ఉన్నట్టే పొద్దున్నే నలుగురితో కలిసి డబుల్స్ ఆడే అలవాటు నాకూ ఉంది. ఆదివారం మాత్రం మా కాలనీకి దగ్గర్లోని ఒక ప్రభుత్వ పాఠశాల గ్రౌండుకి వెళ్ళి పిల్లలకు టెన్నిస్ నేర్పుతాను. నాతోపాటు ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు, ఆ స్కూలు పీఈటీ సార్, డిగ్రీ చదివే ఇద్దరమ్మాయిలు వస్తారు. అక్కడ కోర్టు లేదు. వాలీబాల్ స్తంభాల మధ్య పిల్లల నడుం ఎత్తున తాడు కట్టి, దానిమీద పాత చీర ఆరేస్తాం. అదే నెట్టు. గీతలు ముగ్గుపిండితో వేస్తారు, ఆ పని పూర్తిగా పిల్లలదే. ఎండ ముదరకముందే ఆట మొదలై, ఎనిమిదింటికల్లా ముగుస్తుంది. ఈ పని చేస్తూ చేస్తూ నాకు గట్టిగా కుదిరిన నమ్మకాలు కొన్నున్నాయి. ఈ వారం వాటి గురించే చెబుతాను.

టెన్నిస్ కష్టమైన ఆట, చిన్నపిల్లలకు పట్టుబడదు అంటారు. ఆ కష్టం చాలావరకు మనం వాళ్ళ చేతికిచ్చే బంతిలోనే ఉంది. పెద్దలు ఆడే మామూలు పసుపు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే అది కనీసం 135 సెంటీమీటర్లు పైకి లేవాలి. లేవకపోతే అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య దాన్ని ఒప్పుకోదు. ఎనిమిదేళ్ళ పాప ఎత్తు నాలుగడుగులు, మహా అయితే ఇంకో రెండు మూడంగుళాలు. అంటే బంతి నేల తాకి లేచేసరికి ఆమె నుదుటి దాకా, ఒక్కోసారి తల పైదాకా వస్తుంది. అలాంటి బంతిని బరువైన రాకెట్‌తో, 78 అడుగుల పొడవున్న కోర్టులో అవతలి వైపుకి పంపమంటాం. పాప నాలుగు రోజులు ప్రయత్నించి, తనకు ఈ ఆట రాదనుకుని వెళ్ళిపోతుంది. ఆ పాపకు ఆట రాకపోవడమేమీ లేదు. అసలు ఆట ఆమెదాకా చేరనేలేదు.

సమాఖ్య వాళ్ళే ఈ సంగతి గుర్తించి 2007లో 'ప్లే అండ్ స్టే' అనే ఉద్యమం మొదలుపెట్టారు. అందులో మూడు రకాల బంతులుంటాయి. ఎర్ర బంతి అదే ఎత్తు నుంచి వదిలితే 90 నుంచి 105 సెంటీమీటర్లే లేస్తుంది. అంటే ఆ పాప ఛాతీకి అటూ ఇటూగా. దానికి కోర్టు పొడవు 36 అడుగులు చాలు. తర్వాత నారింజ బంతి, 60 అడుగుల కోర్టు. ఆ తర్వాత ఆకుపచ్చ బంతి, అప్పుడు పూర్తి కోర్టు. రాకెట్లు కూడా 17 అంగుళాల నుంచి 26 దాకా పిల్లల చేతులకు తగ్గట్టు దొరుకుతాయి. 2012 నుంచి పదేళ్ళు, అంతకు లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని ఏకంగా టెన్నిస్ నియమాల్లోనే రాశారు. పెద్దల ఆటను పిల్లల నెత్తిన పెట్టకూడదని ఒక ఆట తన నియమాలనే మార్చుకోవడం నాకు చాలా గౌరవం కలిగించిన విషయం.

ఎర్ర బంతులు మన ఊళ్ళ స్పోర్ట్స్ షాపుల్లో ఎప్పుడంటే అప్పుడు దొరకవు. తెప్పించుకోవాలి. అవి వచ్చేదాకా మేం స్పాంజి బంతులు వాడాం. కాస్త పెద్ద పిల్లలకైతే క్లబ్బులో పక్కన పడేసిన పాత బంతులు బాగా పనికొస్తాయి. టెన్నిస్ బంతిలో గాలి ఒత్తిడి ఉంటుంది, అందుకే దాన్ని సీలు వేసిన డబ్బాలో అమ్ముతారు. డబ్బా తెరిచాక కొద్ది వారాల్లో ఆ ఒత్తిడి తగ్గిపోయి బంతి చచ్చుబడుతుంది. పెద్దలు దాన్ని వద్దంటారు. పదకొండేళ్ళ పిల్లవాడికి సరిగ్గా అదే కావాలి, మెల్లగా వస్తుంది, ఎత్తుగా లేవదు. ప్రతి క్లబ్బులోనూ ఇలాంటి బంతులు అట్టపెట్టెల్లో మూలన పడుంటాయి.

సామాను సంగతి అలా ఉంచితే, నేర్పే పద్ధతి ఇంకా పెద్ద విషయం. కోచింగ్ జరిగేచోట నేను తరచూ చూసేది క్యూ. పన్నెండుమంది పిల్లలు వరసలో నిలబడతారు. అవతలి వైపు నుంచి కోచ్ బుట్టలోని బంతి తీసి వేస్తాడు. ఒకడు ఫోర్‌హ్యాండ్ కొట్టి వరస చివరికి పోతాడు. మళ్ళీ వంతు వచ్చేదాకా బూటుతో మట్టి గీకుతాడు, ముందున్నవాణ్ణి గిల్లుతాడు. గంట గడిచాక చూస్తే వాడు కొట్టిన బంతులు చాలా తక్కువ. అందులో ఎదురుగా ఇంకో మనిషి ఆడి పంపిన బంతి ఒక్కటీ లేదు. కోచ్‌ని తప్పుపట్టలేం. ఒక్క కోర్టు, ఒక్క మనిషి, ఫీజు కట్టిన ఇంతమంది పిల్లలు. తల్లిదండ్రులు కూడా సాయంత్రం "షాట్లు నేర్పించారా?" అనే అడుగుతారు, "ఇవాళ ఎవరితో ఆడావు?" అని అడగరు. కానీ టెన్నిస్ అంటే ఇద్దరి మధ్య బంతి అటూ ఇటూ తిరగడం. ఆ తిరగడంలోనే రుచి ఉంది. అది తగలకుండా పిల్ల మళ్ళీ ఎందుకొస్తుంది?

మా దగ్గర మొదటి రోజునుంచే జంటలు. ముందు రాకెట్ ఉండదు. ఒకరు కిందనుంచి చేత్తో బంతి విసురుతారు, రెండోవాళ్ళు అది నేలమీద ఒక్కసారి పడి లేచాక పట్టుకోవాలి. చూడడానికి ఇది చంటిపిల్లల ఆటలా ఉంటుంది. కానీ బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం, అక్కడికి కాళ్ళు కదపడం, దానికి మరీ దగ్గరగా వెళ్ళకుండా ఆగడం అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. ఇది కుదిరాక ఒకరికి రాకెట్, ఇంకొకరికి చెయ్యి. ఆపైన ఇద్దరికీ రాకెట్లు. ఇక లెక్క మొదలవుతుంది. బంతి తాడు దాటిన ప్రతిసారీ ఇద్దరూ కలిసి పైకి లెక్కపెట్టాలి. పదిదాకా వెళ్ళినవాళ్ళ అరుపులు రోడ్డుమీదికి వినిపిస్తాయి. ఆ రోజు ఎక్కువ లెక్క వచ్చిన జంట పేర్లు స్కూలు గోడమీద సుద్దముక్కతో రాస్తాం. నాకు ఇందులో బాగా నచ్చింది ఏమిటంటే, తాడుకి అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరూ ఒకే జట్టు. ఎదుటివాడికి అందేలా కొడితేనే మన లెక్క పెరుగుతుంది. గెలుపోటములు ఆ తర్వాత వస్తాయి, పిల్లలే అడుగుతారు.

బంతి అందించడం కూడా ఒక విద్య. దగ్గరగా నిలబడి, కిందనుంచి, అదే చోట, అదే వేగంతో వేయాలి. చేతికి ఓర్పు కావాలి. దానికన్నా కష్టం నోటిని అదుపులో పెట్టుకోవడం. పిల్లవాడు కొట్టిన ప్రతి బంతికీ మనకు చెప్పాలనిపిస్తుంది: మోచెయ్యి వంచు, భుజం తిప్పు, మోకాలు దించు. మా లెక్చరర్ గారు అలా చెప్పరు. "బంతి ఎక్కడ పడిందమ్మా?" అని అడుగుతారు. "తాడుకి తగిలింది సార్." "ఏం చేస్తే పైనుంచి పోతుంది?" పిల్ల కాసేపు ఆలోచించి, "కిందనుంచి లేపాలి సార్" అంటుంది. తర్వాతి బంతి పోతుంది. తనంతట తను కనిపెట్టింది కాబట్టి పై ఆదివారం కూడా గుర్తుంటుంది. నలభయ్యేళ్ళు క్లాసులో పాఠం చెప్పిన మనిషి మైదానంలో ఇంత తక్కువ మాట్లాడడం చూసి నేను చాలా నేర్చుకున్నాను.

టెన్నిస్‌లో మరో మంచి సంప్రదాయం ఉంది, దాన్ని మొదటి మ్యాచ్ నుంచే పట్టిస్తాం. అంపైర్ లేని ఆటలో మన వైపు పడిన బంతి లోపలా బయటా అన్నది మనమే చెప్పాలి. అనుమానం ఉంటే అది ఎదుటివాడి బంతే, లోపల పడినట్టే. క్రికెట్లో ఔటా నాటౌటా అని వీధంతా ఏకం చేసే పిల్లలకు ఇది మొదట్లో వింతగా ఉంటుంది. ముగ్గుపిండి గీత కావడంతో తగిలితే మచ్చ పడుతుంది, అదో సౌకర్యం. ఒకసారి ఆరో తరగతి కుర్రాడు ఆఖరి పాయింటు దగ్గర వంగి చూసి, "గీతకి తగిలింది సార్, వాడిదే" అన్నాడు. ఆ మాటతో వాడు మ్యాచ్ ఓడిపోయాడు. మ్యాచ్ అంటే మా దగ్గర ముందుగా ఏడు పాయింట్లు తెచ్చుకోవడం. పదిహేను, ముప్ఫై, నలభై లెక్కలు తర్వాత నిదానంగా వస్తాయి.

ఇదంతా ఇంటికి దగ్గర్లో జరగాలి. దీన్ని నేను అన్నిటికన్నా ముందు పెడతాను. ఆర్థర్ యాష్ సంగతే చూడండి. అమెరికాలో రిచ్‌మండ్ అనే ఊళ్ళో, నల్లజాతి వాళ్ళకు విడిగా కేటాయించిన పార్కుకి ఆయన తండ్రి సంరక్షకుడు. కుటుంబం ఆ పార్కులోనే కాపురం. గడప దాటితే టెన్నిస్ కోర్టు. అలా రాకెట్ పట్టిన పిల్లవాడు 1968లో యూఎస్ ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. 1969లో ఇద్దరు మిత్రులతో కలిసి నేషనల్ జూనియర్ టెన్నిస్ లీగ్ ప్రారంభించాడు. నగరాల్లోని పేదపిల్లలకు దగ్గర్లోని పార్కుల్లో ఆట, దాంతోపాటు చదువు. ముందు ఆడించండి, మెళకువలు తర్వాత అన్నది దాని ధోరణి. అరవయ్యేళ్ళకు దగ్గరవుతున్నా ఆ లీగ్ అక్కడ ఇంకా నడుస్తోంది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎంతోమంది ఇవాళ టెన్నిస్ ఆడుతున్నారంటే, ఇంటి దగ్గరి పార్కులో ఎవరైనా వెళ్ళి ఆడుకోగల కోర్టులు ఉండడం ఒక పెద్ద కారణం. అక్కడ చాలా హైస్కూళ్ళు టెన్నిస్ జట్టులోకి వచ్చిన ఏ పిల్లవాణ్ణీ ఆట సరిగా రాదని తీసేయవు. వచ్చినవాళ్ళందరికీ చోటు ఉంటుంది.

అంత దూరం ఎందుకు, మన అనంతపురం ఉంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరవు జిల్లాకు వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును (ఆర్డీటీ) స్థాపించి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశారు. ఆర్డీటీ క్రీడా గ్రామం పేరు ఇప్పుడు అందరికీ తెలుసు, 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. అదే ప్రాంగణంలో 2010 అక్టోబరులో రఫెల్ నడాల్ స్వయంగా వచ్చి ఒక టెన్నిస్ పాఠశాలను ప్రారంభించాడు. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ మూడూ గెలిచి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నవాడు, వేరుశనగ పండే వానలేని నేలకొచ్చి మన పల్లె పిల్లలతో ఆడాడు. తన పేరున్న ఫౌండేషన్ మొదట్లో చేపట్టిన పనుల్లో అది ఒకటి.

నాకు ముఖ్యంగా తోచేది నడాల్ రావడం కాదు, ఆ పాఠశాల తీరు. అక్కడికి వచ్చేది ఎక్కువగా పేద కుటుంబాల పిల్లలు. టెన్నిస్‌తోపాటు ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్పుతారు, పిల్లల తిండి సంగతి, ఆరోగ్యం సంగతి చూస్తారు. ఛాంపియన్లను తయారుచేస్తామని వాళ్ళు బోర్డు పెట్టుకోలేదు. ఆడపిల్లలూ మగపిల్లలూ, వేర్వేరు కులాల పిల్లలూ ఒకే కోర్టులో ఆడడమే అక్కడ పెద్ద మార్పుగా భావిస్తారు. ఒక తరం అలా ఆడి పెద్దదయింది. టెన్నిస్ డబ్బున్నవాళ్ళ ఆట అన్న మాట ఎవరైనా నా ముందు అంటే నేను అనంతపురం పేరు చెబుతాను.

ఛాంపియన్లు మనకు లేక కాదు. సానియా మీర్జా ఆరేళ్ళ వయసులో హైదరాబాదులో రాకెట్ పట్టింది. 2005లో సొంత ఊళ్ళోనే హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారతీయురాలయింది. సాకేత్ మైనేని 2014 ఆసియా క్రీడల్లో ఆమెతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్‌తో కలిసి డబుల్స్ ఆడాడు. ఇప్పుడు సహజ యమలపల్లి, రష్మిక భమిడిపాటి, రిత్విక్ బొల్లిపల్లి ఉన్నారు. ఇంతమందిని ఇచ్చిన నేలమీద మామూలు పిల్లల ఆటగా టెన్నిస్ ఎందుకు పాకలేదు? సానియా గెలిచిన రోజుల్లో రాకెట్లు కొన్న తల్లిదండ్రులు ఎందరో. వాళ్ళ పిల్లలను నిలబెట్టుకునే చోట్లు వీధిలో లేవు. ఉన్నవి దూరం, లేదా ఖరీదు, లేదా మే నెలలో మాత్రమే తెరుచుకునే వేసవి శిబిరాలు. ఒక నెల ఎండలో నేర్పి, టోపీ, సర్టిఫికెట్ ఇచ్చి, జూన్ రాగానే పంపేస్తారు. మళ్ళీ మే వచ్చేసరికి పిల్ల మొదటికి వస్తుంది. నన్నడిగితే ఆ శిబిరం డబ్బుతోనే వారానికి రెండు పూటలు ఏడాదంతా నడపమంటాను.

ప్రభుత్వాలూ టెన్నిస్‌ను సామాన్యుల ఆటగా తలచలేదు. 2023 డిసెంబరులో మా గుంటూరులోనే ప్రారంభమైన 'ఆడుదాం ఆంధ్ర' పోటీల్లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఉండేవి. అన్నీ మంచి ఆటలే. వాటి పక్కన ఆరో ఆటగా ఎర్ర బంతి టెన్నిస్ పెట్టి ఉన్నా కొత్త స్థలం అక్కర్లేకపోయేది. ఒక వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవుంటుంది, 36 అడుగుల చిన్న టెన్నిస్ కోర్టు అందులో ఇమిడిపోతుంది. తెలంగాణలో 2022 నుంచి పల్లెపల్లెకీ క్రీడా ప్రాంగణాలు ఏర్పాటు చేశారు. వాటిలో ఉన్న వాలీబాల్ కోర్టులకూ ఇదే మాట వర్తిస్తుంది.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. తొమ్మిది, పదేళ్ళప్పుడు మా గ్రౌండులో అమ్మాయిలే ఎక్కువ. ఏడో తరగతి దాటేసరికి ఒక్కొక్కరే మానేస్తారు. "ఎండకి నల్లబడిపోతోందండీ" అని ఒక తల్లి నాతో అంది. ఇంకొకామె, "పెద్దదవుతోంది కదా సార్, ఇంక ఆటలెందుకు" అంది. వాళ్ళతో వాదించి గెలవడం నా వల్ల కాదు, అది నా పనీ కాదు. పనిచేసినవి వేరే ఉన్నాయి. డిగ్రీ చదివే ఆ ఇద్దరమ్మాయిలు నేర్పడం మొదలుపెట్టాక మానేసినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. స్కూల్లో బాత్రూమ్ తాళం ఆదివారం కూడా తీసి ఉంచమని హెడ్‌మాస్టరు గారిని అడిగాం, ఆయన ఒప్పుకున్నారు. ఆడపిల్లను ఒంటరిగా కాకుండా స్నేహితురాలితో జంటగా చేర్చుకుంటాం. ఒకరు రానంటే రెండోవాళ్ళు ఇంటికెళ్ళి పిలుచుకొస్తారు. నల్లబడుతోందన్న ఆ తల్లే ఒక ఆదివారం కూతుర్ని దింపడానికి వచ్చి, చెప్పులు పక్కన విడిచి, కూతురితో పదిహేను దాకా లెక్క తెచ్చింది. ఆమె పేరు కూడా గోడమీద రాశాం.

ఇక క్లబ్బుల మాట. మన ఊళ్ళలో టెన్నిస్ కోర్టులు అసలు లేవనడం సరికాదు. బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్న ఆఫీసర్స్ క్లబ్బులు, టౌన్ క్లబ్బులు కోస్తాలో, సీమలో, తెలంగాణలో చాలాచోట్ల ఉన్నాయి. మట్టి కోర్టుకి రోజూ నీళ్ళు చల్లి, రోలర్ లాగి, గీతలు వేసే మనిషి ఉంటాడు. పొద్దున్న పెద్దలు ఓ రెండు గంటలు ఆడతారు, సాయంత్రం మరో రెండు గంటలు. మిగతా సమయమంతా ఆ కోర్టు ఖాళీ. చాలా క్లబ్బుల్లో మార్కర్ ఉంటాడు. సభ్యులకు బంతులు అందిస్తూ, వాళ్ళతో ఆడుతూ ఆట లోతులు తెలుసుకున్న మనిషి. అతనికి కాస్త శిక్షణ ఇప్పించి, కొంత డబ్బిచ్చి, పిల్లలను అప్పగిస్తే చాలామంది కోచ్‌లకన్నా బాగా చూసుకుంటాడని నా నమ్మకం. మార్కర్లను ఆటలో భాగస్వాములుగా చూడక మన టెన్నిస్ పెద్ద సంపదను పోగొట్టుకుంది.

కాబట్టి క్లబ్బు కమిటీల్లో ఉన్న పెద్దలకు నా విన్నపం. వచ్చే జనరల్ బాడీ సమావేశంలో ఈ మూడు సంగతులు ప్రస్తావించండి. ఆదివారం ఉదయం మీ ఆట అయిపోయాక ఒక కోర్టును దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాల పిల్లలకు రెండు గంటలు ఇవ్వండి. మూలన పడున్న పాత బంతులు వాళ్ళకివ్వండి, అటకమీది పాత రాకెట్లు తీసి గట్ వేయించండి. మీ మార్కర్‌కి ఆ రెండు గంటలకు విడిగా డబ్బు ఇవ్వండి. క్లబ్బు లేని ఊరైతే ఒక తాడు, ఒక చీర, కాస్త ముగ్గుపిండి, నాలుగు మెత్తటి బంతులు చాలు. ఎలా మొదలుపెట్టాలో చూడాలనుకునేవాళ్ళు గుంటూరు రండి. ఆదివారం ఉదయం ఆరున్నరకి మేం అక్కడే ఉంటాం.